కోటిలింగం, బలం రెండు

ఉప్పరమెట్టలో మనుషులు పేకముక్కలుగా మారడం మొదలైన మూడో ఏట కంపెనీవారు ధరల పద్ధతి మార్చారు. ఈ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు పేక పట్టాను, ఏనాడూ ఒక్క ఆట ఓడిపోలేదు. నమ్మకపోతే మస్తాన్‌ని అడగండి. కోటిలింగాన్ని కూడా అడగమనేవాణ్ణే గానీ, అతన్ని అడగడం ఇప్పుడంత తేలిక కాదు.

ముందు ఈ మారడం గురించి చెప్పాలి. అదంత పెద్ద విషయమేమీ కాదు. దుర్గరక్ష అని ఫోన్లలోకి ఒక ఆట వచ్చింది. ఆడేవాడికి మొదట పది ముక్కలిస్తారు. కోట మీదికి శత్రువుల దండ్లు వస్తుంటాయి. ఒక దండును తరిమినప్పుడల్లా కొత్త ముక్క ఒకటి కట్టలో కలుపుకోవచ్చు, పనికిరానిదాన్ని తీసి పారేయవచ్చు. కిటుకంతా ఆ పారేయడంలోనే ఉంది. కట్ట ఎంత పల్చగా ఉంటే మంచి ముక్క అంత తొందరగా చేతికొస్తుంది. కొన్నాళ్లకు కంపెనీ దగ్గర ముక్కలు చాలక పంచాయతీతో ఒప్పందం చేసుకుంది. అరవై దాటి, వేరే పనిలేనివాళ్లు తొమ్మిదో నంబరు ఫారం నింపి, రెండు ఫొటోలు అతికించి ఇస్తే పదిహేను పనిదినాల్లో ముక్కగా మారుస్తారు. మొదట్లో గెజిటెడ్ అధికారి సంతకం అడిగేవారు. జనం ఇబ్బంది పడుతున్నారని అది తీసేశారు. మారినవాళ్లకు ఆకలి ఉండదు, మోకాళ్లు ఉండవు. రేషన్ కార్డులో ఒక పేరు తగ్గుతుంది, అంతే.

కోటిలింగం మోకాళ్ల వల్లనే మారాడు. అతను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి దిగిపోయిన మనిషి. మస్తాన్ మిరప లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగి. లారీకీ లారీకీ మధ్య ఆ కాటా గదిలో మేం ముగ్గురం ఆడేవాళ్లం. హారను వినపడగానే ముక్కలు బోర్లా పెట్టేసి, మస్తాన్ తూకం వేసి చీటీ రాసిచ్చి వచ్చాక మళ్లీ ఎత్తేవాళ్లం. ఘాటుకి ముగ్గురం తుమ్ముతూనే ఉండేవాళ్లం. తుమ్మినప్పుడు ఎవడి ముక్కలైనా కనిపిస్తే చూడకూడదని మా నియమం.

ఆ కట్టలో ఇస్పేటు ఏడు లేదు. కోటిలింగం వైద్యానికి తెచ్చి గది బయట కట్టేసిన దూడ ఒకటి దాన్ని నమిలేసింది. దాని బదులు అతని కూతురి శుభలేఖలోంచి ఒక ముక్క కత్తిరించి, ఏడు అని రాసి కలిపాం. మూలకు పసుపు అంటిన ఆ ముక్క ఎవరి చేతికి వెళ్లిందో ఊళ్లో కుక్కకైనా తెలిసిపోతుంది. అయినా తెలియనట్టు ఆడేవాళ్లం. ఇరవై రెండేళ్లు తెలియనట్టే ఆడాం.

కాటా గదికి మూడు మెట్లు. ఆ మూడూ ఎక్కలేని రోజు వచ్చాక కోటిలింగం ఫారం పట్టుకుని కింద మెట్టు మీదనే కూర్చున్నాడు.

"ప్రత్యేక నైపుణ్యం అని గడి ఉందిరా మస్తానూ. ఏం రాయమంటావ్?"

"జోకరు తొడ కింద దాయటం అని రాయి."

"నోరుముయ్యి. అడ్డం తిరిగిన దూడల్ని చేత్తో తిప్పి బతికించినోణ్ణి. అదే రాస్తా."

పదహారో రోజున ఆటలోకి ముక్క వచ్చింది. మెడలో స్టెతస్కోపుతో కోటిలింగం బొమ్మ. దాని కింద "పశువైద్య సహాయకుడు. బలం రెండు. చనిపోయిన ముక్కను ఆటకొకసారి బతికించగలడు" అని ఉంది. మస్తాన్ అప్పటికప్పుడు నూట తొంభై తొమ్మిది రూపాయలు కట్టి ఆట కొని, కోటిలింగాన్ని కట్టలో కలుపుకున్నాడు. ఆ రోజుల్లో అదే పద్ధతి. ఒకసారి కొంటే మనది, కుర్చీ కొన్నట్టు. "దుర్గరక్ష ఇక శాశ్వతంగా మీది" అని ఫోనుకి రసీదు వచ్చింది. మస్తాన్ దాన్ని జిరాక్సు షాపులో కాగితం మీదికి తీయించి, లామినేషన్ చేయించాడు. మా వైపు విలువైన కాగితమేదైనా అంతే. మార్కుల జాబితా, పెళ్లి ఫొటో, పొలం నకలు అన్నీ ప్లాస్టిక్కులోకి వెళ్లాల్సిందే. వాన తగలకూడదు, చెద పట్టకూడదు.

చేతిలోకి వచ్చినప్పుడల్లా ముక్క ఒక మాట మాట్లాడుతుంది. కోటిలింగం కూడా మాట్లాడేవాడు.

"వచ్చానురా. తుమ్ముతన్నావేంది, లారీ వచ్చిందా?"

"కాటాకి తాళం వేసి ఏడాదయింది గదరా. ఇది జలుబు."

"జలుబైతే మిరియాల కషాయం తాగు. గేదెకైతే రెండు సేర్లు, నీకు గ్లాసుడు చాల్లే."

ఇదంతా బాగానే ఉంది కానీ బలం రెండుతో కోట నిలవదు. నాలుగో దండు రాగానే మస్తాన్ ఓడిపోయేవాడు. నేను చూసి చూసి ఒకరోజు సలహా చెప్పాను.

"ఆ ముక్క తీసెయ్ మస్తానూ. కట్ట పల్చబడుద్ది."

"నిన్ను తీసేశామా?" అన్నాడు మస్తాన్ తలెత్తకుండా. "ముప్పై ఏళ్లు ఓడిపోతానే కూర్చున్నావు, చాయ్ పోయించి మరీ కూర్చోబెట్టాం."

ఇది కోపంలో అన్న మాట కనుక లెక్కలోకి రాదు.

మూడో ఏట ఆట ఉచితమైంది. శుభవార్త అని గంట మోగించి మరీ చెప్పారు. ఉచితం కాగానే మస్తాన్ కట్ట ఖాళీ అయింది. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే అవతలి గొంతు ఓపికగా వివరించింది. ఉచితమైన వస్తువును ఎవరూ కొనలేరు. ఆట ఇప్పుడు ఉచితం. కాబట్టి మస్తాన్ దాన్ని కొనలేదు. కొననివారి ముక్కలన్నీ ఉమ్మడి రాశిలోకి వెళ్లి, మూసిన పొట్లాల్లో తిరిగి వస్తాయి. ఏ పొట్లంలో ఎవరుంటారనేది అదృష్టం. పొట్లాలకు మాత్రం ధర ఉంటుంది.

దానికీ జనం అలవాటు పడ్డారు. సాయంత్రాలు జిరాక్సు షాపు అరుగు మీద మార్పిడి సంత నడిచేది. కల్లం వజ్రమ్మ రోజూ వచ్చి, "మా అత్త ఎవురికన్నా వచ్చిందా?" అని అడిగేది. ఒకరోజు ఎవరో, "నాకొచ్చిందమ్మా, ఇచ్చేస్తా తీసుకో" అన్నారు.

"వద్దొద్దు, ఊరికే అడిగా. మీకాడే ఉండనీండి" అని వజ్రమ్మ నవ్వు మొహంతో ఇంటికి పోయింది. ఆ తర్వాత సంతకు రాలేదు.

మస్తాన్ పంతొమ్మిది రోజులు పొట్లాలు విప్పాడు. ఎవరో ఊరూపేరూ తెలియని వీధిబడి పంతులు అతనికి నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ తలపాగా సరిచేసుకుని నమస్కారం పెట్టాడు. చివరికి కోటిలింగం పక్కవీధి ట్రాక్టరు మెకానిక్కు దగ్గర తేలాడు. అతను కోటిలింగాన్ని పారేయబోతుండగా మస్తాన్ బలం తొమ్మిది ఉన్న సర్కిల్ ఇన్‌స్పెక్టరు ముక్కను ఎదురిచ్చి తెచ్చుకున్నాడు. ఊరంతా మస్తాన్‌కి మతి పోయిందంది. కోటిలింగం మాత్రం చేతికి రాగానే, "యాడికి పోయావురా ఇన్నాళ్లు?" అన్నాడు, పోయింది తనే అయినా.

ఏడాది తిరక్కుండా ఉచితం పోయి అద్దె వచ్చింది. నెలనెలా చందా కడితే ముక్కలన్నీ వాడుకోవచ్చు, మానేస్తే ఏదీ ఉండదు. చందా కట్టడానికి మస్తాన్ సిద్ధమే. చిక్కల్లా జాబితాతో వచ్చింది. బలం మూడు కంటే తక్కువ ఉన్న ముక్కలకు ఎవరూ అద్దె కట్టరు కనుక వాటిని జాబితాలోంచి తీసేస్తున్నారు.

"తీసేసి యాడికి పంపుతారమ్మా?" అని మస్తాన్ ఫోనులో అడిగాడు.

"ఎక్కడికీ పంపం సార్. చూపించం, అంతే."

మినహాయింపు ఒక్కటే ఉంది. మొదటి పద్ధతిలో ఆట కొన్నవాళ్లు అసలు రసీదు తెచ్చి, దాని మీద కంపెనీ ముద్ర వేయించుకుంటే, వాళ్ల కట్టలోని ఒక్క ముక్కను శాశ్వతంగా ఉంచుతారు. గడువు నెలాఖరు. మస్తాన్ ఇంటికి పోయి, ట్రంకు పెట్టె అడుగునుంచి లామినేషన్ రసీదు తీసి, గుడ్డతో తుడిచాడు. మడత లేదు, మరక లేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం జిల్లా కేంద్రానికి బస్సెక్కాం.

కౌంటరులో ఉన్న అమ్మాయి పేరు నాగశిరీష. చొక్కాకి పేరు తగిలించుకుని ఉంది. రసీదు అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాతగారూ, దీనిమీద ముద్ర పడదండీ. ప్లాస్టిక్కు మీద సిరా జారిపోతుంది. లామినేషన్ చేసిన పత్రాలు తీసుకోకూడదని రూలు."

"పాడైపోకూడదనే గదమ్మా చేయించింది."

"అందరూ అదే చెబుతున్నారండీ."

మస్తాన్ జేబులోంచి బ్లేడు తీసి, అంచు కోసి ప్లాస్టిక్కు లాగాడు. కాగితం కిందే ఉంది, అక్షరాలు మాత్రం ప్లాస్టిక్కుతో పాటు లేచాయి. "మీది" అన్న మాట సగానికి చీలింది. నాగశిరీష గబుక్కున లేచి, "ఆపండి, ఆపండి" అంటూ అతని చెయ్యి పట్టుకుంది. అట్టపెట్టెల మీద నంబర్లు వేసే లావుపాటి మార్కరు తెచ్చి, ప్లాస్టిక్కు మీదనే "సరిచూడబడినది" అని రాసి, కింద సంతకం చేసి, కంప్యూటరులో ఏదో కొట్టింది.

"మా తాత కూడా ముక్కేనండీ. బలం ఒకటి" అంది, మా వంక చూడకుండా.

తిరుగు బస్సులో మస్తాన్ ఆట తెరిచాడు. కోటిలింగం మొదటి చేతిలోనే వచ్చాడు.

"ఆ పక్కనున్న కళ్లద్దాలోణ్ణి అడుగురా, ముప్పై ఏళ్లలో ఎన్ని గెలిచాడో. వాడి ముక్కలన్నీ వాడి అద్దాల్లోనే కనపడతా ఉంటే, చూడకుండా ఆడలేక మనం పడ్డ తంటాలు ఆ దేవుడికే తెలియాలి."

కనుక, మొదట్లో నేను ఎన్నడూ ఓడలేదని అన్న మాట కొట్టేయండి. నేను గెలిచింది మూడుసార్లు. ఆ మూడూ కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజులు. నా ముక్కలు వాళ్లకు కనపడలేదు, నాకూ కనపడలేదు.

ఇంత ఒప్పుకున్నవాణ్ణి రెండోది కూడా ఒప్పుకుంటాను. మనుషులు ముక్కలైంది నిజం, ఫారం నిజం, వజ్రమ్మ అత్త నిజం. నాగశిరీషను మాత్రం నేను కల్పించాను. ఆ కౌంటరులో ఎవరూ లేరు. ఒక అద్దం, దాని కింద కాగితం పెట్టే సందు, టోకెన్ ఇచ్చే పెట్టె ఉన్నాయి. లామినేషన్ రసీదు ఆ సందులో పట్టలేదు. మస్తాన్ బ్లేడుతో ప్లాస్టిక్కు తీశాడు, అక్షరాలు దాంతో పాటే వచ్చేశాయి. మిగిలిన తెల్లకాగితం సందులో పెడితే "మీ పత్రం చదవబడలేదు, ధన్యవాదాలు" అని తెరమీద కనపడింది. చెయ్యి పట్టుకుని ఆపడానికి అక్కడ ఎవరైనా ఉంటే బాగుండేదని నాకనిపించింది. అందుకని పెట్టాను.

కళ్లద్దాల మాట కోటిలింగం అన్నది నిజమే. కాకపోతే వెళ్లేటప్పటి బస్సులో అన్నాడు. దానికి మస్తాన్ నవ్వి నవ్వి తుమ్మాడు. వచ్చేటప్పుడు ఆట తెరవలేదు. నెలాఖరు దాటాక కోటిలింగం మళ్లీ చేతికి రాలేదు.

ఇప్పుడు మస్తాన్ ఫోను అద్దం మీద, ఎడమ మూల, శుభలేఖ ముక్క ఒకటి అతికించి ఉంది. పాత కట్టలోని ఇస్పేటు ఏడే అది. ఆటలో ఆ మూలకొచ్చే ముక్క కనపడక తడుముకుంటాడు, అయినా పీకడు. ఎవరైనా అదేమిటని అడిగితే నేనూ తెలియనట్టే ఉంటాను. కట్ట బాగా పల్చబడింది. అందుకని మస్తాన్ ఈమధ్య రోజూ గెలుస్తున్నాడు. గెలిచినప్పుడల్లా ఫోను చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు మాత్రం ఇప్పటికీ ఉచితమే.