నలభై గ్రాముల నిజం

ఆ ఉదయం తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మామగారి చేత ఒక బీపీ మాత్ర మింగించాలి, తొమ్మిదిన్నర బస్సు పట్టుకోవాలి. బస్సు దొరికింది.

"మాత్రలు మానేశాను అల్లుడూ," అన్నారు మామగారు కుడిచెయ్యి ముందుకు చాపి. మణికట్టుకి రాగి కంకణం ఒకటి తళతళలాడుతోంది. "శక్తి కంకణం! పార్కులో వాకింగుకొచ్చే వాళ్ళందరూ వేసుకున్నారు. రక్తాన్ని లోపల్లోపలే సర్దేస్తుందిట."

"ఎక్కణ్ణించి ఎక్కడికి సర్దుతుంది మామయ్యా?"

"అవన్నీ మనకెందుకు? ఎందుకైనా మంచిది."

'ఎందుకైనా మంచిది' అన్న మాట వింటే ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళుగా ఎదుటివాడి త్రాసుని నమ్మకపోవడమే అతని ఉద్యోగం. కానీ ఆ పూట మంటకన్నా భయం ఎక్కువైంది. మాత్ర మానితే ఏ రోజైనా పక్షవాతం రావచ్చని డాక్టరు పోయిన నెలే హెచ్చరించాడు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న ఇన్‌స్పెక్టరుకి ఈ పెద్దాయనంటే ప్రాణం.

"సరే, పరీక్ష పెడదాం. ఉత్తుత్తి కంకణం వేసుకున్నవాళ్ళకీ ఇదే గుణం కనిపిస్తే, మాత్రలు వేసుకుంటారా?"

"వేసుకుంటా. అందాకా నువ్వు మాత్ర ఊసెత్తకూడదు."

అందాకా అంటే రెండు వారాలు. ఇన్‌స్పెక్టరు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య మాత్రం, "నాన్న సంగతి నాకొదిలేయండి, మీరు కంకణాల సంగతి చూసుకోండి," అంది.

పరీక్షంటే పరీక్షలాగే చేశాడు. కంకణాలమ్మే ఆసామి, "శుభ్రంగా చేసుకోండి సార్," అని ఆరు కంకణాలు పెట్టెలతో సహా ఇచ్చాడు. పెట్టె మీద 'బరువు నలభై గ్రాములు' అని ఉంది. ప్లంబరు పాత గీజరు రాగి గొట్టం కోసి అచ్చం అలాంటివే మరో ఆరు చేశాడు. ఇన్‌స్పెక్టరు వాటిని ఆఫీసు త్రాసులో వేసి, ఒక్కొక్కటీ సరిగ్గా నలభై తూగేదాకా ఆకురాయితో అరగదీయించాడు. ప్లంబరు విసుక్కుని, "నగలు కూడా ఇంత నిక్కచ్చిగా చెయ్యరండీ," అన్నాడు. భార్య పన్నెండింటినీ కలిపేసి నంబర్లు వేసి, ఏ నంబరు అసలుదో ఏది గొట్టందో రాసిన కాగితం కుట్టుమిషన్ సొరుగులో దాచింది. తనకి తెలిస్తే తన మొహమే చెప్పేస్తుందని ఇన్‌స్పెక్టరు ఆ సొరుగు వైపు కూడా చూడలేదు. పాత కంకణాలు తీసేసి వీటిని వేసుకోవడానికి, మామగారితో కలిపి పార్కులో పదకొండు చేతులే దొరికాయి. పన్నెండోది తనదే ఇచ్చాడు, ఇరవై కిలోల తూకపు రాళ్ళు మోసి మోసి అతనికి భుజం నొప్పి ఎలాగూ ఉంది కాబట్టి.

రోజూ ఉదయం మామగారికి బీపీ చూసేవాడు. మొదటిరోజు నూట ఎనభై. వారం తిరిగేసరికి నూట నలభై. ఇన్‌స్పెక్టరు మిషన్లో బ్యాటరీలు మార్చాడు. నూట ముప్ఫైకి దిగింది. అనుమానంతో తనకి చూసుకుంటే నూట యాభై ఉంది.

పదిహేనో రోజు పార్కులో అందరి ముందూ కాగితం విప్పాడు. అసలు కంకణాలు వేసుకున్న ఆరుగురిలో నలుగురికి గుణం కనిపించింది. గొట్టం ముక్కలు వేసుకున్న ఆరుగురికి ఆరుగురికీ కనిపించింది. అందులో మామగారున్నారు, చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ తనూ ఉన్నాడు.

"చూశారా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు గెలిచిన గొంతుతో. "ఉత్త గొట్టం ముక్కకీ అదే ఫలితం! అంటే ఏమిటి?"

అందరూ ఆలోచించారు. చివరికి రిటైరైన దర్జీ తేల్చాడు. "అంటే, గొట్టంలో ఇంకా ఎక్కువ శక్తి ఉందన్నమాట."

"కాదండీ! కంకణంలో ఏమీ లేదని!"

"కంకణంలో లేదు, ఒప్పుకున్నాం. గొట్టంలో ఉంది. మీరే కదండీ లెక్క చదివారు?"

సాయంత్రానికి ప్లంబరింటి ముందు క్యూ కట్టారు. మర్నాటికి పార్కు తోటమాలి గదిలో గీజరు గొట్టం మాయమైంది. మూడోరోజు పళ్ళ డాక్టరమ్మ ఇన్‌స్పెక్టరుని వీధి మలుపులో ఆపింది. చదువుకున్న మనిషి, ఈవిడైనా అర్థం చేసుకుంటుందని అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి," అందావిడ గొంతు తగ్గించి. "ఒకప్పుడు ఇళ్ళల్లో రాగి గొట్టాలుండేవి. ఇప్పుడన్నీ ప్లాస్టిక్‌వి. ఎవరు మార్పించారు?"

"చవకని మనమే మార్చుకున్నామండీ."

"అలా అనమని చెప్పారా? మాత్రల కంపెనీల పనేనని అందరికీ తెలిసిపోయింది. మీరు గవర్నమెంటు మనిషి, చెప్పలేరు. నాకర్థమవుతుంది." అతని చెయ్యి జాలిగా తట్టి వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టరు కాదన్నకొద్దీ నమ్మకం బలపడింది. నవ్వితే దాస్తున్నాడన్నారు, కోప్పడితే దొరికిపోయాడన్నారు. ఈలోగా బేరాలు పోయిన కంకణాల ఆసామి, ఇన్‌స్పెక్టరు దొంగ సరుకు తయారు చేయించి పంచుతున్నాడని పైఆఫీసరుకి అర్జీ పెట్టుకున్నాడు. సాక్ష్యం కింద ఒక అసలు కంకణం కూడా పెట్టెతో సహా తెచ్చిచ్చాడు.

పైఆఫీసరు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. తలుపు మూసి రమ్మని ఇన్‌స్పెక్టరుకి చెప్పి, "నీమీద చర్య తీసుకోవాల్సిందేనయ్యా," అంటూ మెడ నెమ్మదిగా ఇటూ అటూ తిప్పాడు. "అది సరేగానీ, ఆ గొట్టం మెడనొప్పికి కూడా పనిచేస్తుందా?"

ఏం చెయ్యాలో తోచని ఇన్‌స్పెక్టరు చేతులు అలవాటు కొద్దీ బల్ల మీది కంకణాన్ని తీసి పక్కనున్న త్రాసులో పెట్టాయి. ముప్ఫై ఆరు గ్రాములు! తుడిచి మళ్ళీ పెట్టాడు. ముప్ఫై ఆరే. ఇరవై ఏళ్ళుగా ఏ పెట్టె మీది రాతనీ నమ్మనివాడు, తన సొంత పరీక్షలో మాత్రం పెట్టె మీద నలభై అని ఉంటే నలభై అనుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయితే ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు, ఆసామి పరిస్థితి అంతకన్నా హీనంగా ఉంది. పైఆఫీసరు అర్జీ మడిచి అతని చేతిలో పెట్టి, తక్కువ తూకం కింద కేసు రాయించాడు.

మర్నాడు ఉదయం ఇన్‌స్పెక్టరు గర్వంగా మామగారి ముందు నిలబడ్డాడు. "మోసం బయటపడింది మామయ్యా! అసలు కంకణం ముప్ఫై ఆరే తూగింది. గొట్టంవే నికరంగా నలభై!"

మామగారి కళ్ళు మెరిశాయి. "అదీ సంగతి! అందుకే వాళ్ళది నలుగురికి, మనది ఆరుగురికీ పనిచేసింది. తూకం కరెక్టు!"

ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి వచ్చి గోడకి జారగిలబడ్డాడు. "ఇంక నావల్ల కాదు. ఆ బీపీ ఎలా దిగిందో కూడా అంతుపట్టట్లేదు."

"మాత్ర వేసుకుంటే దిగదా?" అంది భార్య గ్లాసులో నీళ్ళు పోస్తూ. "కంకణం శక్తి ఒంటికి పట్టాలంటే లోపల తెల్లమాత్ర ఉండాలిట నాన్నా, అని మొదటిరోజే చెప్పాను. రోజూ అడిగి మరీ వేసుకుంటున్నారు."

"అబద్ధం చెప్పావా? నా పరీక్షంతా పాడుచేశావే!"

"మీ పరీక్ష పాడైంది, మా నాన్న బాగున్నారు. ఏది కావాలో మీరే చెప్పండి." గ్లాసూ మాత్రా అతని చేతిలో పెట్టింది.

ముందుగదిలో మామగారు కంకణాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. "నువ్వు అబద్ధం ఆడవు అల్లుడూ. నిజంగా ఇందులో ఏమీ లేదంటే చెప్పు, మాత్రతో సహా ఇప్పుడే మానేస్తా."

ఇన్‌స్పెక్టరు తన అరచేతిలోని మాత్ర వైపు చూశాడు. ఆ పెద్దాయన మొహం వైపు చూశాడు. గ్లాసూ మాత్రా ఆయనకి అందించి, "ఉండనివ్వండి మామయ్యా," అన్నాడు. "ఎందుకైనా మంచిది."

మామగారు మాత్ర గుటుక్కున మింగి, ఖాళీ గ్లాసు తిరిగిచ్చేస్తూ అన్నారు. "రేపట్నుంచి ఈ మాత్ర కూడా తూచి ఇవ్వు అల్లుడూ. ఎవర్నీ నమ్మకూడదు."