మాస్టారి చూలింత చేప

ఆ శనివారం పొద్దున్న ప్రకాశరావు మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. చేపకి మేత వేయాలి, బడికి పోవాలి. చేప ఆయనది కాదు. అమలాపురంలో ఉండే విద్యాధికారి గౌరీశంకరం గారిది. మద్రాసు నుంచి తెచ్చుకుని గాజు సీసాలో పెంచుకుంటున్న ఎర్రటి ఫైటర్ చేప. కాకినాడలో పరీక్షల డ్యూటీ పడి, అది ముగిసేదాకా కాస్త చూసుకోమని ఆయన దాన్ని రాజోలు హైస్కూలు సైన్సు మాస్టారికి అప్పగించి వెళ్ళారు. హెడ్మాస్టరు పదోన్నతి జాబితా కూడా గౌరీశంకరం గారి ఆఫీసులోనే తయారవుతోంది కాబట్టి మాస్టారు చేపని రోజుకి ఐదుసార్లు మేపుతూ వచ్చారు. తినగా మిగిలింది సీసా అడుగునే కుళ్ళింది. నీళ్ళు మార్చాలన్న ఆలోచన జంతుశాస్త్రం చదివిన ఆ బుర్రకి వారం రోజులుగా తట్టలేదు.

సీసాలో చేప పొట్ట గోలీకాయంత అయింది. మాస్టారు కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశారు. ముఖం వెలిగిపోయింది.

"సరోజినీ! ఇలా రా! చేపకి కడుపొచ్చింది!"

ఆయన భార్య సరోజిని ఆసుపత్రిలో నర్సు. పదిహేనేళ్ళుగా ఒంటికి నీరు పట్టినవాళ్ళని రోజూ చూస్తున్న మనిషి. డ్యూటీకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి, సీసాని వెలుతురుకి తిప్పింది. చేప మూలకి ఒరిగిపోయి, కదలడమే బరువైనట్టుంది.

"కడుపు కాదండీ. ఒంట్లో నీరు చేరింది. ఆ మురికి నీళ్ళు మార్చండి ముందు."

"నువ్వు మనుషుల నర్సువి. జంతుశాస్త్రం జోలికి రాకు" అన్నారు మాస్టారు, గిన్నెలోంచి ఇంకో ఉడికించిన గుడ్డు ముక్క తీసి సీసాలో వేస్తూ. సరోజిని ఆ గుడ్డు వంకా, ఆయన వంకా చూసింది. రెంటిలో ఏది ఎక్కువ ఉడికిందో తేల్చుకోలేకపోయింది.

మాస్టారు తిన్నగా పోస్టాఫీసుకి వెళ్ళి, "చేప చూలింత. క్షేమం" అని కాకినాడకి టెలిగ్రామ్ కొట్టించారు. అక్కడ తంతి కొట్టే బుచ్చిరాజు గారు రహస్యాలు దాచుకునే మనిషి కారు. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రానికి వీధరుగు మీద జనం. పిల్లలు పుడితే తలా ఒకటి కావాలన్నారు. మాస్టారు కాగితం తీసి పేర్లు రాసుకున్నారు. తాసిల్దారు గారికి రెండు.

సోమవారం హెడ్మాస్టరు గారు, శుక్రవారం ప్రార్థన సభలో "చేపలలో మాతృత్వం" అనే ఉపన్యాసం ఉంటుందని బోర్డు మీద రాయించారు. ఆ రోజంతా తరగతుల వారీగా పిల్లలు వరసలో మాస్టారి ఇంటికొచ్చి చూసి వెళ్ళారు. వేలు ముంచి చూసినవాళ్ళు కొందరు, బఠాణీలు వేసినవాళ్ళు కొందరు.

మంగళవారానికి చేప పొలుసులన్నీ పైకి లేచాయి. పైనుంచి చూస్తే ఈకలు విదిల్చిన కోడిలా ఉంది.

"చూసేవా, తల్లి కళ!" అన్నారు మాస్టారు.

అప్పుడే కాట్రేనికోన నుంచి చేపల గంపతో వచ్చే ముత్యాలు గుమ్మంలో దిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపల మధ్యనే ఉన్న మనిషి. సీసాలోకి తొంగి చూసి పెదవి విరిచింది.

"గుడ్లున్న చేపకి పొలుసు ఒంటికి అంటుకునుంటాదండి. ఇలా లేవదండి. ఇది నీరుపొట్టండి అమ్మగారూ. ఈ జాతి నాకు తెలవదు గానండి, రోగం రోగమేనండి."

"గంప దించేవాళ్ళు కూడా నాకు పాఠాలు చెప్పడమే!" అని మాస్టారు లోపలికి వెళ్ళి ఉపన్యాసం రాసుకోవడానికి కూర్చున్నారు.

ఈ మనిషితో వాదిస్తే చేప చస్తుందని సరోజినికి తేలిపోయింది. చేప చస్తే పదోన్నతీ పోతుంది, ఆ ఏడుపు ఇంట్లో తనే వినాలి. కాసేపు ఆలోచించి, ఎంతో వినయంగా గదిలోకి వెళ్ళింది.

"ఏవండీ, మీరన్నదే నిజం. నెలలు నిండినట్టే ఉంది. మరి పురుడు గది వేరే ఉండాలి కదండీ? జనం చూపు పడకూడదు. పత్యం కూడా ఉండాలి."

మాస్టారు పొంగిపోయారు. "ఇప్పటికి దారికొచ్చేవు. నేనూ అదే అనుకుంటున్నా."

సరోజిని వెడల్పాటి గాజు జాడీ తెచ్చింది. రాత్రి పట్టి ఉంచిన శుభ్రమైన నీళ్ళు, గోరువెచ్చగా పోసింది. ఈ చేప పైకొచ్చి గాలి పీల్చడం గమనించింది కనుక, ఈదడానికి ఆయాసపడకుండా నీళ్ళు జానెడు లోతుకి మించనివ్వలేదు. వాపు తియ్యడానికి ఆసుపత్రిలో వాడే భేది ఉప్పు, అదే ఎప్సమ్ సాల్టు, చిటికెడు కలిపింది. రెండు రోజులు మేత బంద్. రోజూ నీళ్ళు మార్చి, మళ్ళీ చిటికెడు ఉప్పు. పొలుసులు లేచాక బతికేవి తక్కువేమోనన్న భయం ఉన్నా, పైకి చెప్పలేదు. జాడీ మీద నల్లగుడ్డ కప్పి, "పురుడు గది, లోనికి రాకూడదు" అని మాస్టారి చేతే అట్టముక్క రాయించింది. ఆయన గుమ్మం దగ్గర కాపలా కాశారు.

గురువారం మధ్యాహ్నం గుడ్డ ఎత్తి చూస్తే పొట్ట సగానికి దిగింది. శుక్రవారం పొద్దుటికి పొలుసులు చాలావరకు అణిగాయి. సరోజిని ఒక్కర్తే చూసింది, ఎవరికీ చెప్పలేదు. సెలవు పెట్టి జాడీని తనే బడికి మోసుకొచ్చింది.

సభలో మాస్టారు అరగంట మాతృత్వం గురించి మాట్లాడారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఇంతలో జీపు దిగి గౌరీశంకరం గారు గబగబా వేదిక ఎక్కారు. టెలిగ్రామ్ జేబులోనే ఉంది.

"ఏదయ్యా?"

మాస్టారు గుడ్డ లాగారు. లోపల చేప సన్నగా, ఎర్రగా, రెక్కలు విప్పుకుని జాడీ అద్దాన్ని పొడుస్తోంది. ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ప్రసవం... అయిపోయిందండి."

"పిల్లలేరీ?"

మాస్టారు వంగి జాడీ అడుగంతా వెతికారు.

"ప్రకాశరావు గారూ, అంత పొడుగు తోక మగచేపకే ఉంటుందండీ. ఇది మగది!"

ఆరువందల మంది ఒక్కసారి నవ్వారు. ముందు వరసలో కూర్చున్న తాసిల్దారు గారు ముఖం పక్కకి తిప్పుకున్నారు. గౌరీశంకరం గారు మాత్రం వంగి, పొట్ట దగ్గర ఇంకా పూర్తిగా అణగని రెండు పొలుసులని పరీక్షగా చూశారు.

"దీనికి నీరు పట్టిందండీ! ఇలాగే పొలుసులు లేచి నా దగ్గర మూడు చచ్చేయి. ఇది ఎలా బతికింది? ఎవరు నయం చేసేరు?"

మాస్టారి వెన్ను నిటారుగా లేచింది. "నేనేనండి. రోగం మొదట్లోనే పట్టేసేనండి. బడి పిల్లలకి ఆసక్తి కలగాలని కడుపు అన్నాను గాని."

గౌరీశంకరం గారు సరోజిని వైపు చూశారు. "అవునామ్మా?"

సరోజిని భర్తని నింపాదిగా, పాదాల దగ్గర నుంచి కళ్ళద్దాల దాకా చూసింది.

"ఆయ్. అంతా ఆయనేనండి. నాకు చేపల గురించి ఏమీ తెలీదండి."

గౌరీశంకరం గారు మాస్టారి భుజం తట్టారు. హెడ్మాస్టరు పదోన్నతి మాట ఎత్తలేదు గాని, ఇంతటి హస్తవాసి వృథా కాకూడదని సభలోనే ప్రకటించారు.

మర్నాడు పదింటికి ఆఫీసు జీపు ఇంటి ముందు ఆగింది. గౌరీశంకరం గారివీ, ఆయన స్నేహితులవీ కలిపి పొట్టలు ఉబ్బిన ఫైటర్లు తొమ్మిది సీసాల్లో దిగాయి. వెంట ఒక చీటీ: "వేసవి సెలవులు మీకు లేవు. అన్నీ బతకాలి."

సరోజిని అప్పటికే సంచి సర్దుకుని పుట్టింటికి బస్సెక్కేసింది. మాస్టారు తొమ్మిది సీసాలనీ బల్ల మీద వరసగా పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి, అజీర్తి అని తేల్చారు.