ఐదు నిమిషాల మందు, ఐదు రోజుల శిక్షణ

మానవజాతి ఇంతవరకు చేసుకున్న ఏర్పాట్లన్నిటిలోకీ గొప్పది, పని తెలిసిన మనిషిని ఆ పనికి దూరంగా పంపించడం. ఇంగ్లండు తీరాన ఉన్న మా విట్బీలో ఆ మహత్కార్యం మార్చి నాలుగో తేదీ ఉదయం, పగటి సంరక్షణ కేంద్రం వరండాలో గ్లెనిస్ సంచి సర్దుకోవడంతో మొదలైంది. రెండు స్వెట్టర్లు, టీ ఫ్లాస్కు, సాధనకు ఒక రబ్బరు తల. (తలకు నోరుంది, కానీ ఫిర్యాదు చేయదు. యాజమాన్యం దృష్టిలో ఆదర్శ రోగి.)

మా తమ్ముడు సెడ్రిక్‌కు అరవై ఒక్క ఏళ్లు. పసితనం నుంచి మూర్ఛ. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే చెంపకూ చిగురుకూ మధ్య మందు పిండాలి. వాడు పగలంతా ఉండే ఆ కేంద్రంలో ఆ పనికి అర్హత ఉన్నది గ్లెనిస్ ఒక్కతే. అందువల్ల ఇతరులకు నేర్పే అర్హత కోసం ఆమెనే లీడ్స్ నగరానికి పంపాలని నిర్ణయించారు.

"ఐదు రోజులే కదా పెద్దమ్మా, ఆ మొహమేంటి?" అంది గ్లెనిస్.

"మా నాన్న చేపల పడవెక్కుతూ ఇదే మాటన్నాడు."

"నేనెక్కేది బస్సు. మునగదులే!" అని నవ్వి, సెడ్రిక్ బుగ్గ గిల్లి వెళ్లింది.

ఆరో రోజున గ్లెనిస్‌కు బదులు ఉత్తరం వచ్చింది. శిక్షణలో ఆమె అసాధారణ ప్రతిభ కనబరిచింది. పద్నాలుగో నిబంధన ప్రకారం అటువంటివారు ఇకపై శిక్షకులకు శిక్షణ ఇచ్చే శిక్షకులుగా ఉండాలి. కేంద్రం మేనేజరు థాక్రే గారు ఆ ఉత్తరాన్ని కళ్లజోడు తుడుచుకుని చదివారు. ఆమె లోటు తీర్చడానికి జూన్ పదిన కేంద్రంలోనే పనిచేసే నీల్‌ను లీడ్స్‌కు పంపారు. దురదృష్టవశాత్తూ అతనూ తెలివైనవాడే.

కేంద్రంలో మిగిలిన ఉద్యోగినులు జోయన్, బ్రెండాలకు మొదటి మెట్టు శిక్షణ అందింది. అందులో చూడటం, రాయడం నేర్పుతారు. మందు ముట్టుకోవడం రెండో మెట్టు. దానికి శిక్షకులు కావాలి.

జులైలో ఒక మధ్యాహ్నం నేను సెడ్రిక్‌ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చేసరికి వాడు నేల మీద కొట్టుకుంటున్నాడు.

"మూడు నిమిషాల నలభై," అని స్టాప్‌వాచ్ చూసి చదివింది జోయన్.

"కుడి చెయ్యి, ఎడమ కాలు," అంటూ బ్రెండా రాసుకుంది. (చేతిరాత ముత్యాల్లా ఉంది.)

"మందేదే?" అని అరిచాను.

"బీరువాలో ఉంది పెద్దమ్మా. మేం ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఎలా ఉండాలో నేర్పారు మాకు."

"అంబులెన్సు?"

"ఇరవై నిమిషాలంట. అది కూడా రాశాం."

వాడి పెదవులు నీలంగా మారుతున్నాయి. నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక మోతాదు ఉంటుంది. (భయస్తురాలినని ఊరంతా నవ్వుతుంది.) జోయన్ "ఐదు" అనగానే మందు తీసి, వాడి తల ఒళ్లో పెట్టుకుని, చెంప లోపల కొద్దికొద్దిగా పిండాను. పదిహేనేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఏడో నిమిషం దాటాక కుదుపులు ఆగాయి. వాడు గురక పెట్టాడు. అంతకంటే మంచి శబ్దం నేను వినలేదు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న థాక్రే గారు చప్పట్లు కొట్టారు.

"అద్భుతం మేడమ్! ఇలాంటి చెయ్యి ఇంట్లో మూలన పడి ఉండకూడదు. లీడ్స్‌లో ఐదు రోజులు, భోజనం ఉచితం. వెళ్తారా?"

సెడ్రిక్ సగం కన్ను తెరిచి నా కోటు అంచు పట్టుకున్నాడు. "అక్కా, ఎక్కడికి?"

"ఎక్కడికీ పోనురా."

నిరాకరించేవారికి కూడా ఒక ఫారం ఉంది. అందులో కారణం రాయడానికి రెండు గీతలు ఇచ్చారు. సరిపోయాయి. ఇలా రాశాను:

గ్లెనిస్ మార్చి నాలుగున వెళ్లింది, తిరిగి రాలేదు.

నీల్ జూన్ పదిన వెళ్లాడు, తిరిగి రాలేదు.