నాగపూర్ కూలరు, బొబ్బిలి వీణ

ఆ ఉదయం కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని జానకిరామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఆరింటికి వీణ పంతులుగారు వస్తారు. శ్యామలాంబ ఆయన ముందు వీణ వాయిస్తుంది. ఆయన విని, తల ఊపి, పులిహోర తిని వెళ్తారు. అంతవరకు వీణ చల్లగా ఉంటే చాలు. ఆ చల్లదనం బాధ్యత జానకిరామయ్య తన నెత్తిన వేసుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన పుట్టింది కొత్తవలసలో. రైల్వే ఉద్యోగం ముప్పై ఏళ్లు నాగపూర్‌లో కట్టిపడేసింది. రిటైరయ్యాక భార్య పుట్టిన ఊరే నయమని, రెండువేల పదమూడు ఉగాదికి ముందు విజయనగరం వచ్చి, కూర్మమ్మ ఇంట్లో సగం వాటా అద్దెకు తీసుకున్నాడు. వచ్చిన రోజు నుంచి ఈ ఊరి మీద ఫిర్యాదులే. నాగపూర్‌లో ఎండ ఎంత మండినా చెమట పట్టేలోపే ఆరిపోతుంది. ఇక్కడ స్నానం చేసిన మనిషి తుడుచుకున్నాక కూడా తడిగానే ఉంటాడు. రోజుకు మూడు చొక్కాలు మార్చాలి, మూడింటికీ సబ్బు కావాలి, ఉతికినవి ఆరవు కనక ఇంకో మూడు కొనాలి. ఉప్పు డబ్బాలోనే నీరవుతుంది. ఒక్క దీపం వెలిగించడానికి అగ్గిపెట్టెలో సగం పుల్లలు అయిపోతాయి. "నాగపూర్‌లో అయితే" అని ఆయన మొదలుపెట్టగానే అరుగుల మీద కూర్చున్న వాళ్లకు ఇంట్లో పనులు గుర్తొచ్చేవి.

కూర్మమ్మ ఒకసారి ఏసీ మాట ఎత్తింది.

"ఏసీ పెట్టుకుంటే బిల్లు చూసి చెమటలు పడతాయి. ఆ చెమటకి ఇంకో ఏసీ కావాలి," అన్నాడు జానకిరామయ్య.

ఆయనకు ఏసీతో పని లేదు, కూలరుంది. నాగపూర్ నుంచి లారీలో సామాన్లతో పాటు దిగిన ఇనప రేకుల పెట్టె అది. బీరువాలో సగమంత ఉంటుంది. మూడువైపులా వట్టివేళ్ల తడికలు, లోపల గూడ్సు బండిలా మోగే ఫ్యాను. దాని ముందు కూర్చుంటే నడివేసవిలో దుప్పటి కప్పుకోవాలని ఆయన వీధివీధంతా చెప్పాడు. ఇక్కడ దాని ముందు కూర్చున్నవాళ్లకు మాత్రం తడిబట్ట మీద పడ్డట్టుండేది. ఆ సంగతి ఆయన ఒప్పుకోలేదు.

ఇక వీణ సంగతి. శ్యామలాంబ చిన్నప్పుడు పంతులుగారి దగ్గరే నేర్చుకుంది. ఆమె పెళ్లికి ఆయన బొబ్బిలి వైపు పనసకర్రతో వీణ చేయించి ఇచ్చారు. ఇస్తూ, కొత్త పెళ్లికొడుకు వైపు తిరిగి, "అంత పొడి ఊరికి ఈ పిల్లనెందుకయ్యా తీసుకెళ్తున్నావు? విద్య ఎండిపోతాది," అన్నారు. ఆ మాట జానకిరామయ్యకు ఇన్నేళ్లూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే అందులో కొంత నిజమైంది. నాగపూర్ ఎండకు కర్ర కుంచించుకుపోయి, తీగలు బిగించే బిరడాలు నిలిచేవి కావు. శ్రుతి చేసి సగం కీర్తన వాయించేసరికి తీగలు దిగిపోయేవి. అక్కడి పక్కింటివాళ్లు శ్రుతి చెయ్యడమే కచేరీ అనుకునేవారు. శ్యామలాంబ ఒక్కరోజు కూడా సాధన మానలేదు, ఒక్కరోజు కూడా మొగుణ్ణి ఏమీ అనలేదు. ఆమె అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉండేది. ఆ విద్య ఎండిపోలేదని పంతులుగారి నోటే అనిపించాలి. ఆ సాయంత్రం ఆయనకు కావలసింది అదొక్కటే.

"ఎండకి వీణ మెట్ల కింద మైనం మెత్తబడుతున్నట్టుందండీ," అని శ్యామలాంబ ముందురోజు యథాలాపంగా అంది. జానకిరామయ్యకు అది చాలు. వీణ ఉన్న గదిలో కూలరు అప్పటికే వారం రోజులుగా తిరుగుతోంది. ఇప్పుడు ఆయన కిటికీ సందుల్లో పాత పంచెలు కుక్కాడు, వెంటిలేటరుకు అట్టముక్క కట్టాడు.

"తలుపు నిన్నటి నుంచీ బిగుసుకుంటున్నాది, సూడండి," అంది శ్యామలాంబ. ఊరు రాగానే ఆమె నోటికి ఊరి మాట వచ్చేసింది.

"మంచిదే కదా. చల్లదనం బయటికి పోదు. నాగపూర్‌లో అయితే—"

శ్యామలాంబ గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంది. సాయంత్రం దాకా సాధన చేసుకుంటానంది.

అయిదు కావస్తున్నా ఎండ మండిపోతోంది. పెరట్లో కోళ్లకు నూకలు చల్లుతున్న కూర్మమ్మకు జానకిరామయ్య నూతి దగ్గర కనిపించాడు. పంచె ఎగగట్టి, బకెట్టు తరవాత బకెట్టు లోపలికి మోస్తున్నాడు. భుజం మీద తడి వట్టివేళ్ల కట్ట ఉంది. పొద్దుటి నుంచి అమ్మగారి అలికిడి లేదు.

"ఏటి బాబుగారూ, ఇన్ని నీళ్లు? అమ్మగారేరీ?"

"గదిలో ఉంది. తలుపులన్నీ మూయించాను. ఆరింటి దాకా కదిలించకూడదు."

"డాక్టరుకి సూపించారా మరి?"

కూలరు బాగుచేసేవాణ్ణే ఆమె డాక్టరంటోందనుకున్నాడు ఆయన. "డాక్టరెందుకు కూర్మమ్మా, నేనున్నాను కదా. నాగపూర్‌లో ఇవన్నీ ఇంట్లోనే చూసుకుంటాం," అని గర్వంగా చెప్పి ఇంకో బకెట్టు ఎత్తాడు.

కూర్మమ్మ నూకల చేట అక్కడే పడేసింది. కట్టుకున్న ఇల్లాలు వడదెబ్బ తగిలి పడిపోతే ఈ మహానుభావుడు గదిలో పెట్టి నీళ్లు గుమ్మరిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ఈ మనిషితో వాదించి లాభం లేదని కూడా తెలుసు. ఆమె వీధిలోకి వెళ్లింది.

అయిదున్నరకు జానకిరామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలోకి వచ్చేసరికి గుమ్మం ముందు జనం ఉన్నారు. ఒకామె చేతిలో మజ్జిగ చెంబు, ఇంకొకామె చేతిలో పులిసిన తరవాణి గిన్నె, మరొకామె చెంగులో ఉల్లిపాయలు. కూర్మమ్మ మొగుడు జోగయ్య తన ఆటో మెట్ల దాకా తెచ్చి ఇంజను ఆపకుండా ఉంచాడు. జానకిరామయ్య పొంగిపోయాడు. వీణ వినడానికి వీధంతా కదిలివచ్చిందనుకున్నాడు. ఇన్ని తినే సామాన్లు తెచ్చినందుకు ఈ ఊరి మీద ఆయనకు మొదటిసారి గౌరవం కలిగింది.

"రండి, రండి. కూర్చోండి. ఆరింటికి మొదలు," అన్నాడు.

"ఏటి మొదలు?" అన్నాడు జోగయ్య. "ముందు తలుపు తియ్యండి బాబూ. పెద్దాసుపత్రికి పది నిమిషాల్లో తీసుకెళ్లిపోతాను."

సంగతి తెలిసి జానకిరామయ్య పకపకా నవ్వాడు. ఆమె నిక్షేపంగా ఉందని చెప్పి, చూపిద్దామని తలుపు తోశాడు. అరగంట కిందట కూలరులో నీళ్లు పోసి, బలంగా లాగి మూసిన తలుపు ఇప్పుడు రాలేదు. రెండు చేతులతో తోశాడు. వారం రోజులు తేమ తాగిన ఆ పాత కర్ర ఉబ్బి, గుమ్మంలో గోడలా కూర్చుంది.

"శ్యామలా," అని పిలిచాడు. లోపల గూడ్సు బండి తప్ప ఏమీ వినబడలేదు. బాదాడు. జోగయ్య బాదాడు. ఆడవాళ్లంతా కలిసి పిలిచారు. జవాబు లేదు. జానకిరామయ్య నవ్వు తగ్గింది. ఆమె బాగానే ఉందని ఆయనకు తెలుసు. కానీ అంతమంది భయపడుతుంటే ఒక్కడే ధైర్యంగా ఉండడం ఎవరి తరం? పైగా లోపలున్నది ఇనప పెట్టె, దాని నిండా నీళ్లు, దానికి కరెంటు. ఆ తీగ అతికింది ఆయనే.

"కరెంటు గాని కొట్టేసినాదేటో," అంది కూర్మమ్మ. ఆయన మనసులో మాటే అది.

జానకిరామయ్య కాళ్లు చల్లబడ్డాయి. ఆ వేసవిలో ఆయనకు నిజంగా చల్లగా అనిపించింది అప్పుడే. వీణ వద్దు, పంతులుగారు వద్దు, ఆమె బతికుంటే చాలనుకున్నాడు. జోగయ్య పరుగెత్తి మీటరు దగ్గర ఫ్యూజు పీకేశాడు.

గూడ్సు బండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో లోపలి నుంచి కల్యాణి రాగం వినబడింది.

ఎక్కడా తడబాటు లేదు. తలుపు అవతల ఏం జరుగుతోందో ఎరగని శ్యామలాంబ, కూలరు మోత మధ్య తనకే సరిగా వినబడని వీణను ఇప్పుడు మొదటిసారి తనివితీరా వింటూ వాయిస్తోంది. మజ్జిగ చెంబు పట్టుకున్నామె చెంబుతోనే చతికిలబడింది. జోగయ్య గునపం తెచ్చి తలుపు సందులో పెట్టబోయాడు.

"ఆపు," అన్నారెవరో వెనక నుంచి.

వీణ పంతులుగారు. శిష్యురాలికి వడదెబ్బ అని వీధి మొగలోనే విని, చేతికర్ర పట్టుకుని ఆయాసపడుతూ వచ్చారు. జోగయ్య కుర్చీ వేస్తే తలుపుకు చెవి ఆనించేంత దగ్గరగా జరుపుకుని కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. శ్యామలాంబ రాగం ముగించి, తానం వాయించి, కీర్తన పూర్తిచేసేదాకా ఎవరూ కదల్లేదు. తరవాణి గిన్నె మాత్రం చేతులు మారుతూ ఖాళీ అయింది.

"ఏమండీ," అంది లోపలి నుంచి శ్యామలాంబ. "కరెంటు పోయినాది. తలుపు రావట్లేదు."

జోగయ్య భుజంతో ఒక్క తోపు తోశాడు. తలుపు వచ్చింది, తలుపుతో పాటు జోగయ్య కూడా వెళ్లి శ్యామలాంబ కాళ్ల ముందు బోర్లా పడ్డాడు. ఆమె వీధివీధంతా తన గుమ్మంలో నిలబడి ఉండడం చూసి బిత్తరపోయింది. తరవాత పంతులుగారిని చూసి గబగబా లేచి దండం పెట్టింది.

"శ్రుతి ఎన్నిసార్లు సరిచేశావమ్మా?" అని అడిగారాయన.

"పొద్దున్న చేసిందే మాస్టారూ. ఇంక దిగలేదు. నాకే వింతగా ఉంది."

పంతులుగారు లోపలికి వచ్చి బిరడా పట్టుకుని తిప్పబోయారు. అది కదల్లేదు. గది గోడల మీద చెమ్మను చూశారు, ఉబ్బిన తలుపును చూశారు, కూలరును చూశారు. ఆయనకు నవ్వొచ్చింది.

"ఏమయ్యా జానకిరామయ్యా, ఈ కర్ర మన గాలిలో పెరిగింది. నీ ఊళ్లో ఎండి చిక్కిపోయింది. ఇప్పుడు మన ఊరి చెమ్మ, నీ పెట్టె నీళ్లు తాగి, బిరడాల్ని బిగబట్టుకున్నాది. ఎండిపోయింది కర్రేనయ్యా. పిల్ల చేతికి ఏటీ కాలేదు. నేను నేర్పిన దానికన్నా బాగా వాయించింది."

ఆ మాట కోసం ముప్పై ఏళ్లు కాచుకున్న జానకిరామయ్య అక్కడున్న అందరి వైపు చూసి, "మా ఆవిడండీ," అన్నాడు, ఎవరికీ తెలియదన్నట్టు.

"ఆదివారాలు పిల్లలొస్తారు. నా చెయ్యి వణుకుతోందమ్మా. ఇకనుంచి నువ్వొచ్చి చెప్పు," అన్నారు పంతులుగారు. శ్యామలాంబ తల ఊపింది, కళ్లు మాత్రం మొగుడి మీదే ఉన్నాయి. ఆ చూపులో నిష్ఠూరం వెతికాడు ఆయన. దొరకలేదు.

మర్నాడు కూలరు పెరట్లోకి వెళ్లింది. వీణకు ఊరి గాలి చాలని శ్యామలాంబ తేల్చేసింది. నెల తిరక్కుండా కూర్మమ్మ పెట్ట అందులో దూరి వట్టివేళ్ల మీద పొదగడానికి కూర్చుంది. నాగపూర్‌లో అయితే కోళ్లు ఇలా చెయ్యవని జానకిరామయ్య ఎవరితోనూ అనలేదు.