పన్నెండిళ్ళ నవల

ఆ సోమవారం పొద్దున త్రిమూర్తులు వేసుకున్న ప్లాను చాలా చిన్నది: స్నానం, కాఫీ, ఆఫీసుకు వెళ్ళేలోగా భార్య రాయబోయే నవలకు ప్రణాళిక. ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిని అప్పగించి వెళ్ళి రెండేళ్ళయింది. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన త్రిమూర్తులు పనిచేసే ఆఫీసులో ఇప్పుడంతా పంచవర్ష ప్రణాళిక గాలి. ప్లాను మంజూరు కానిదే గంపెడు ఇసుక కూడా దించకూడదని పై అధికారి అన్న మాట ఆయనకు బాగా తలకెక్కింది.

లలితకుమారి పద్ధతి వేరు. పొయ్యి మీద ఎసరు పెట్టి, వంటింటి గడప మీద కూర్చుని రాయడం మొదలుపెడుతుంది. అన్నం ఉడికేదాకా రాస్తుంది. గంజి వార్చే వేళకు వాక్యం సగంలో ఉన్నా అక్కడే ఆపేస్తుంది. రేపటి పెరుగుకు తోడు ఉంచుకున్నట్టు ఆ సగం వాక్యం మర్నాటికి ఉంచుకుంటుంది. తర్వాత ఏమవుతుందో ఆవిడకూ తెలియదు, తెలుసుకోవడానికే రాస్తుంది. ఈ ఊరు వచ్చాక అలా రాసిన కథలతో ఓ పాత బియ్యం డబ్బా నిండిపోయింది. వాటిలో ఒకటి మద్రాసు వారపత్రికలో పడింది కూడా. ఇప్పుడా ఎడిటరు పన్నెండు వారాల సీరియల్ అడిగాడు. అడిగినవాడు ఊరుకోక, కథాసారం శుక్రవారం టపాలో పడాలి, అది చూశాకే మాట ఇస్తానన్నాడు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదని లలితకు తెలుసు. సారం మాత్రం తెలియదు.

"ముందే అంతా తెలిసిపోతే ఇంక రాయడమెందుకండీ?" అంది.

"ఆయ్, బాగుంది! ప్లాను లేకుండా వంతెన కడతారా ఎవరైనా?" అన్నాడు త్రిమూర్తులు.

ఆయన స్కేలు పెట్టి ఓ నలుచదరం గీసి, అంచు చుట్టూ పన్నెండు గళ్ళు తీశాడు, వారానికి ఒకటి. నడుమ ఖాళీలో శ్రీకారం చుట్టాడు. ప్రతి గడిలోనూ ఆ వారం జరగాల్సింది పొడి అక్షరాల్లో రాశాడు. ఎడిటరు అదిరిపోవాలని ఎనిమిదో గడిలో మాత్రం ఊపిరాడకుండా కుక్కాడు. శుభమా అని నాలుగు మూలలకూ పసుపు రాసి, కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆ రోజు లలిత ఒక్క ముక్క రాయలేదు. మర్నాడు కలం పట్టుకుని కూర్చుంది, అన్నం మాడింది గాని అక్షరం పడలేదు. కథ ఎవరో చదివేసి మూసిన పుస్తకంలా అనిపించి ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఇంటి యజమానురాలు పట్టమ్మాళ్ లోపలికి వచ్చింది. వాళ్ళు తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్ళే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువంతా తమిళం. తెలుగు అక్షరం ముక్క రాకపోయినా లలిత రాసిన పేజీ రోజూ మధ్యాహ్నం చదివించుకుని వినకపోతే ఆవిడకు నిద్రపట్టదు. ఆవిడకు ఇంకో ఆశ కూడా ఉంది. బాహూరులో ఉండే అన్న కూతురు అంబుజం కుట్టుపని నేర్చుకుంటూ ఆవిడ దగ్గరే ఉంటోంది. త్రిమూర్తులు తమ్ముడు బాపిరాజు ఈ ఊరి కాలేజీలో చదువుతున్నాడు. కులగోత్రాలు, ఇంట్లో దిగిన రోజే, అద్దె కన్నా ముందు అడిగేసింది.

"ఏంది పాపా, కండ్లు అట్ల వాచుండాయి?"

"ఆ పటం ముందు కాగితం చూడండి పిన్నిగారూ. ఆయనే అన్నీ రాసి పెట్టేశారు."

పట్టమ్మాళ్ చూసింది. కథ అంటే బారులు బారులుగా ఉంటుందని ఆవిడకు తెలుసు. ఇది నలుచదరం. చుట్టూ పన్నెండిళ్ళు, మూలల్లో పసుపు, ఎదురుగా దేవుడు. సంబంధం చూసేటప్పుడు జాతకాన్ని దేవుడి ముందుంచి శకునం కనిపెట్టడం వాళ్ళింట్లోనూ ఉన్నదే. పెండ్లి మాట ముందుగా తామే ఎత్తితే ఆడపిల్లవాళ్ళు చులకనైపోతారని ఆవిడ పేర్లు ఎత్తలేదు.

"బాగా అమరుతుందా?" అని మాత్రం అడిగింది.

"ఏమోనండి. ఆ ఎనిమిదోది తలుచుకుంటేనే భయం."

"భయమెందుకు? పెద్దోళ్ళకి ఒక తూరి చూపించుకుని వచ్చేదా?"

తెలుగు చదవగలిగిన వాళ్ళెవరి చేతనో చదివించుకుంటుంది కాబోలనుకుంది లలిత. "తీసుకెళ్ళండి. నా కళ్ళ ముందు లేకపోతే అదే పదివేలు."

కాగితం నేరుగా జోస్యర్ రంగనాథన్ దగ్గరికి పోయింది. ఆయనకూ తెలుగు అక్షరాలు రావు. ఆ సంగతి ఒప్పుకోవడం అసలే రాదు. అంబుజం జాతకాన్ని పక్కన పెట్టుకుని, కళ్ళద్దాలు రెండుసార్లు తుడిచి, "ఎనిమిదో ఇంట్లో రద్దీ ఎక్కువే. పరవాలేదు. పదికి తొమ్మిది పొరుత్తాలు కలిసినాయి" అని వధూవరుల పొంతన తేల్చాడు. ఆ సాయంత్రం బాహూరు బస్సులో అంబుజం నాన్న అయ్యనార్‌కు కబురు వెళ్ళింది.

గురువారం త్రిమూర్తులు పటం ముందు చూసి కంగారు పడ్డాడు. రెండో ప్రతి లేదు. పట్టమ్మాళ్‌ను అడిగితే, "యాడికీ పోదులేప్పా, శుక్రవారం పొద్దున మంగళంగా తెచ్చిస్తాం" అంది. అంత భక్తిగా ఎవరు చదువుతున్నారో ఆయనకు అర్థం కాలేదు గాని, గర్వంగానే అనిపించింది. ఆ పూట భోజనానికి వచ్చిన బాపిరాజుకు పట్టమ్మాళ్ కొసరి కొసరి కేసరి వడ్డించింది. పరీక్ష తప్పిన సంగతి మూడు వారాలుగా దాస్తున్న ఆ కుర్రాడు, విషయం తెలిసిపోయి జాలిపడుతున్నారేమోనన్న అనుమానంతో విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే వాకిట్లో రెండు ఎడ్లబండ్లు ఆగాయి. అయ్యనార్, బంధువులు, అరటిగెల, పళ్ళేలు, చివరన ఒక నాదస్వరం. త్రిమూర్తులు ఆ పళ్ళేల్లో ఒకదాని మీద తన ప్లాను కుంకుమ బొట్లతో మెరవడం చూశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"లలితా, ఈ ఊరి పాఠకులు చూడవే, ఎంత అభిమానమో!" అని, చేతులు జోడించి ఎదురెళ్ళాడు. "ఇంకా మొదలే కాలేదండి. పన్నెండు వారాలు సాగుతుంది."

"పన్నెండు వారాలెందుకండీ? ఈ నెలలోనే ముగించేద్దాం" అన్నాడు అయ్యనార్.

"తొందరపడితే చెడుతుందండి. పైగా మద్రాసాయన ఒప్పుకోవాలి."

"మద్రాసులో ఎవరు? మీ పెద్దాయనా?"

"ఆయనదే ఆఖరి మాట."

"ఒప్పుకోకుంటే?"

"ఏముందండి, ఇంకో చోటికి పంపుతాం. అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు."

అయ్యనార్ ముఖం కందగడ్డ అయింది. "అంత గొప్పగా ఏముందో అందరి ముందరా చదవండి చూద్దాం!" అన్నాడు. త్రిమూర్తులు ఆ మాట కోసమే ఉన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"మొదటి గడి: పెళ్ళి." నాదస్వరం ఒక్కసారి పలికింది. "రెండో గడి: పెళ్ళికొడుకు రంగూన్ పరారీ." నాదస్వరం ఆగింది. "ఐదో గడి: ఓడ మునక. ఎనిమిదో గడి: వరద, ఆస్తి తగాదా, మేనత్త మరణం."

అంబుజానికి ఉన్న ఒకే ఒక్క మేనత్త పట్టమ్మాళ్ గోడకు చేరగిలబడింది. ఆడవాళ్ళు విసనకర్రలు తెచ్చారు. ఇది నవల అని లలిత, జాతకమని మిగతావాళ్ళు అరుచుకుంటున్న ఆ గందరగోళంలోకి బాపిరాజు వచ్చాడు. జనమంతా తన వైపు తిరిగేసరికి బెంబేలెత్తి, "తప్పాను! లెక్కల్లో తప్పాను! ఇంతమందిని పిలిచి అడగాలా?" అని భోరుమన్నాడు.

అయ్యనార్ బాపిరాజును ఎగాదిగా చూశాడు. "జాతకం బదులు నవల ఇచ్చినా సర్దుకుని పోదుము. పరీక్ష తప్పినోడికి పిల్లనెట్ల ఇచ్చేది?" అని పళ్ళెం కింద పెట్టేశాడు. బాపిరాజు అంత తేలిగ్గా ఎన్నడూ ఊపిరి పీల్చుకోలేదు.

అందరూ లేవబోతుంటే తలుపు చాటు నుంచి అంబుజం గొంతు వినిపించింది. "అక్కా, పారిపోయినాయన మళ్ళా వచ్చినాడా?"

"నాకు తెలీదు అంబుజం" అంది లలిత.

"తెలీకపోవడమేంటే? ఐదో గడిలో ఓడ మునిగిపోయింది కదా!" అన్నాడు త్రిమూర్తులు.

"అది బాగలేదండీ" అన్నాడు నాదస్వరం ఆయన. బంధువులందరూ తలూపారు. చీర సర్దుకుంటూ లేచిన పట్టమ్మాళ్ కూడా ఊపింది.

లలితకు నవ్వొచ్చింది. నాలుగు రోజుల తర్వాత మొదటి నవ్వు. ఇంటికొచ్చినవాళ్ళను ఖాళీ కడుపుతో పంపడం యానాంలో లేదని, ఇంట్లోకెల్లా పెద్ద గుండిగను పొయ్యి మీదికెక్కించి, గడప మీద కూర్చుంది. "పొద్దున్నే వాకిట్లో రెండు బండ్లు ఆగాయి. పెళ్ళెవరికో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు" అని మొదలుపెట్టింది. అంత ఎసరు కాగి అంత బియ్యం ఉడికేసరికి మొదటి వారానికి సరిపడా పూర్తయింది, చివరి వాక్యం తప్ప. అది రేపటి తోడు. భోజనాలయ్యాక చదివి వినిపిస్తే, అయ్యనార్ తన మాటలకు తానే పగలబడి నవ్వి, బండి ఎక్కుతూ మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.

త్రిమూర్తులు ఆ కాగితాలతో పరుగున టపా అందుకున్నాడు. సారం ఉండాల్సిన చోట లలిత ఒక్క మాటే రాసింది: "తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు." వారం తిరక్కుండా ఎడిటరు జవాబొచ్చింది: "మాకూ తోచడం లేదు. సీరియల్ ఖాయం. రెండోది వెంటనే పంపండి."

అప్పటినుంచి త్రిమూర్తులు పొద్దున్నే ప్లాను బదులు ఎసరు చూస్తున్నాడు. మధ్యాహ్నం దాకా ఆగలేని అంబుజం లలిత దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుని, పేజీ పూర్తవగానే అత్తకు తానే చదివి వినిపిస్తోంది. జోస్యర్ రంగనాథన్ మాత్రం తన మాట మీదే ఉన్నాడు. పిల్లకు ఆ నవలతో తొమ్మిది పొరుత్తాలూ కలిశాయట, కలవని ఆ ఒక్కటీ పెళ్ళికొడుకట.