పదకొండో నంబరు ఎడమ చెయ్యి

ఆ ఆదివారం ఉదయం టైలరు మాస్టరు పెట్టుకున్న పని ఒక్కటే. దుకాణం ఊడ్చి, కత్తిరింపు బల్లను గోడవారకు జరిపి, పది గంటలకు విదేశంలో మొదలయ్యే రగ్బీ ఆటను వీధిలో వాళ్లందరితో కలిసి ప్రత్యక్ష ప్రసారంలో చూడటం. ఆయనకు రగ్బీ తెలియదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని ఒకరు పరుగెత్తుతారనీ, మిగతావాళ్లు పట్టుకుని కింద పడేస్తారనీ, పట్టుకోవడానికి చొక్కాయే అన్నిటికన్నా అనువుగా ఉంటుందనీ మాత్రం తెలుసు. ఆ చివరి సంగతి తెలిస్తే చాలు. ఎందుకంటే ఆ అంతర్జాతీయ టోర్నమెంటులో మన మహిళల జట్టు వేసుకున్న పన్నెండు చొక్కాలూ ఆయన కుట్టినవే.

ఆ పని ఇప్పించింది మేనకోడలు. జట్టులో పదకొండో నంబరు ఆ పిల్లదే. కిందటి టోర్నమెంటులో ఏదో ఫ్యాక్టరీ చొక్కాలు మొదటి ఆటకే భుజాల దగ్గర విడిపోతే, మా మామయ్య కుట్టు ఒకసారి చూడండి అని జట్టు మేనేజరమ్మకు చెప్పింది. మేనేజరమ్మ వచ్చి ఆయన కుట్టిన ఒక చొక్కాను రెండు చేతులతో లాగి చూసింది. ఆ తర్వాత ఒక కొసను కాలితో తొక్కిపెట్టి లాగింది. గుడ్డ సాగింది గాని కుట్టు కదలలేదు. ముప్ఫై ఏళ్లుగా దుకాణం బోర్డు మీద ఉన్న మాట అదే: “గుడ్డ చిరిగినా కుట్టు విడదు.” నెల రోజులుగా కొలతలకు వచ్చిన ప్రతి మనిషినీ చేతులు చాపి నిలబెట్టి, ఎటూ కదలలేని ఆ స్థితిలో మాస్టరు ఈ కథంతా వినిపించాడు. తానేమిటో తనకు స్పష్టంగా తెలియని మనిషి తన పనిని చూపిస్తాడు. మాస్టరు ఆ ఉదయం వీధికి చూపించబోతున్నది పన్నెండు చొక్కాలను కాదు, తననే.

ఎనిమిదిన్నరకు బల్ల జరిపాడు. బల్ల చెక్కల సందులోంచి ఒక చీటీ, గుండుసూదితో సహా, నేల మీద పడింది.

చీటీల విషయంలో మాస్టరుది ఒక పద్ధతి. కుట్టు మిగిలి ఉన్న ప్రతి బట్టకూ ఒక చీటీ గుచ్చుతాడు. మిషను మీద కుట్టు పూర్తయ్యాకే దాన్ని చింపుతాడు. చింపని చీటీ అంటే పూర్తికాని పని. ఆయన వంగి తీసి చూశాడు. తన చేతిరాతే. “11, ఎడమ చెయ్యి.”

అంతా కళ్లముందు కదిలింది. చివరి రోజున మేనకోడలు వచ్చి ఎడమ చెయ్యి బిగుతుగా ఉందంది. ఆయన ఆ చేతిని విప్పి, వదులు చేసి, కొలత చూడటానికి కచ్చా కుట్టుతో తగిలించాడు. పిల్ల చెయ్యెత్తి, “ఇప్పుడు బాగుంది మామయ్యా” అంది. ఇంతలో పార్సిల్ మనిషి గుమ్మంలో తొందరపెట్టాడు. చొక్కాలు మడతలు పడ్డాయి, పెట్టె మూత పడింది. కచ్చా కుట్టు అంటే అసలు కుట్టు పడేదాకా గుడ్డను నిలిపి ఉంచే దూరపు కుట్టు. ఒక కొస పట్టి లాగితే మొత్తం వచ్చేస్తుంది. సముద్రాలకు అవతల, వేలమంది ఎదుట, మాస్టరు ముప్ఫై ఏళ్ల పేరు ఎనిమిది దూరపు కుట్ల మీద వేలాడుతోంది.

ముందుగా ఆయన చేసింది చూసేవాళ్లే లేకుండా చేసే ప్రయత్నం. పక్క సెలూన్‌కు వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మా టీవీ పాడైంది. ఈ రోజు ఆట లేదు.”

“ఆట లేకపోవడమేంటి మాస్టరూ, టీవీ లేదనండి,” అన్నాడు సెలూన్ యజమాని, ఒక గడ్డం మీద నురగ పూస్తూ. “మాది తెస్తా. మీదానికన్నా రెండింతలుంటది. చొక్కా మీద దారప్పోగులు కూడా లెక్కపెట్టుకోవచ్చు.”

“వద్దు వద్దు. నీ గిరాకీ పోతుంది.”

“గిరాకీని కూడా తెస్తా.”

అన్నంత పనీ చేశాడు. తొమ్మిదిన్నరకల్లా ఆ పెద్ద టీవీ దుకాణంలో గోడనంతా ఆక్రమించింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఉన్న ఇద్దరు పెద్దమనుషులు మెడకు తువ్వాళ్లతోనే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వెనక వీధి మొత్తం ఉంది.

మాస్టరు బట్టలు మార్చుకునే గదిలోకి దూరి, తెర లాగి, మేనేజరమ్మకు ఫోన్ చేశాడు. నిజం చెప్పేద్దామనే చేశాడు. కాని అటునుంచి “ఎవరండీ?” అని వినిపించగానే, అవమానం ఎదురైన మనిషి మొదట దాచేది తన పేరునేనని ఆయనకు అనుభవంలోకి వచ్చింది.

“నేను... మాస్టరు గారి తరఫున మాట్లాడుతున్నానండి,” అన్నాడు గొంతు మార్చి.

“చొక్కాలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ! ఆయనకివ్వండి, నేనే చెప్తా.”

“ఆయన మాట్లాడే స్థితిలో లేరండి.”

“అయ్యో, ఏమైంది?”

ఏమైందో చెప్పాలని నోరు తెరిచాడు. గొంతులోంచి వెక్కు లాంటిదొకటి మాత్రం వచ్చింది.

“అయ్యయ్యో! ఎప్పుడండీ?”

“గంట క్రితమే తెలిసింది. పదకొండో నంబరు అమ్మాయిని ఈ రోజు ఆడించకండి. మీకు దణ్ణం పెడతా. ఇంకేమీ అడక్కండి.”

“అర్థమైందండీ. ఆ పిల్లకి మేమే మెల్లగా చెప్తాం. మీరు ధైర్యంగా ఉండండి. ఇంట్లో ఆడవాళ్లని కనిపెట్టుకుని ఉండండి.”

ఒక చొక్కా చేతికోసం ఇంట్లో ఆడవాళ్లను కనిపెట్టుకుని ఉండటం దేనికో ఆయనకు బోధపడలేదు. ఏమైనా మనసున్న మనిషి అనుకున్నాడు. తెర తీసుకుని బయటికి వచ్చేసరికి ఆయన మొహంలో కాస్త వెలుగు కూడా ఉంది. “ఎందుకండీ ఆ చెమటలు?” అని భార్య అడిగితే, “ఉక్క,” అన్నాడు.

పది కొట్టింది. అక్కడ సాయంత్రం. పచ్చటి మైదానంలో రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. మాస్టరు పదకొండో నంబరు లేదని నిర్ధారించుకోవడానికి ముందుకు వంగాడు. పదకొండో నంబరు వరసలో అందరికన్నా ముందు, కళ్లు తుడుచుకుంటూ ఉంది.

“ఆట మొదలయ్యే ముందు ఒక విషాద వార్త,” అన్నాడు వ్యాఖ్యాత. “మన జట్టు చొక్కాలు కుట్టిన మాస్టరు గారు, మన పదకొండో నంబరు క్రీడాకారిణికి స్వయానా మేనమామ, ఈ ఉదయం కన్నుమూశారు. ఆమెను విశ్రాంతి తీసుకోమన్నారు. మామయ్య కుట్టిన చొక్కాతోనే ఆడతానని ఆమె పట్టుబట్టింది. జట్టంతా నల్ల పట్టీలు కట్టుకుంది. ఇప్పుడు ఒక నిమిషం మౌనం.”

తెర నిండా మాస్టరు ఫొటో వచ్చింది. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఈ క్షణంలో ఉన్నట్టే ఉన్నాడు. అక్కడ స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఇక్కడ దుకాణంలో ముందు వరస తువ్వాళ్లతో సహా లేచింది, వెనకవాళ్లు లేచారు. అందరి తలలూ వంగాయి. ఆ వంగిన తలలే మెల్లగా ఒక్కొక్కటి పక్కకు తిరిగి, కత్తిరింపు బల్ల దగ్గర తల వంచుకుని నిలబడ్డ మాస్టరు వైపు చూశాయి. ఎవరూ నోరు విప్పలేదు. మౌనం మధ్యలో మాట్లాడటం మర్యాద కాదు. తన కోసం పాటించే మౌనాన్ని తాను కూడా పాటించాలా అన్న ప్రశ్నకు మాస్టరు దగ్గర జవాబు లేదు గనక పాటించాడు.

నిమిషం ముగిసింది.

“ఏమండీ,” అంది భార్య. “మీరు పోయారటగా. నాకొక మాట చెప్పొద్దూ?”

“నిన్ననే కదా మాస్టరూ గడ్డం గీశాను,” అన్నాడు సెలూన్ యజమాని, తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ. “బంగారం లాంటి మనిషి.”

“ఎవరో పొరపాటు పడ్డట్టున్నారు,” అన్నాడు మాస్టరు.

“పొరపాటైతే ఫోన్ చేసి బతికే ఉన్నానని చెప్పండి. మొగుడు పోయిన మొహంతో నేను ఆటెట్లా చూసేది?”

చేశాడు. మేనేజరమ్మ ఫోను ఆపేసి ఉంది. ఆయన మొహం విచారంగా పెట్టాడు గాని, లోపల ఏదో ఊపిరి పీల్చుకుంది. బతికున్నానని చెబితే ఇంతకుముందు మాట్లాడింది ఎవరని అడుగుతారు. ఎందుకని అడుగుతారు. పోయినవాడిని ఎవరూ ఏమీ అడగరు. పోయినవాడి కుట్టుకు ఎవరూ వంక పెట్టరు. తనలో ఇంత పిరికితనం ఎక్కడ మడతపెట్టి ఉందో మాస్టరుకు ఆశ్చర్యం వేసింది.

అంతలో జుట్టు విరబోసుకుని ఆయన చెల్లెలు పరుగున వచ్చి గుమ్మంలో కూలబడింది. ఆమె ఇంట్లో ఒంటరిగా టీవీ చూస్తూ వార్త విన్నది.

“అన్నయ్యా! నన్నొదిలి ఎట్లా వెళ్లిపోయావు అన్నయ్యా!”

“లోపలికి రావే, అందరూ చూస్తున్నారు,” అన్నాడు అన్నయ్య.

ఆమె తలెత్తి చూసింది. లేచి వచ్చి, గట్టిగా కౌగిలించుకుంది. ఆ వెంటనే వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. “ఇదేం చావు అన్నయ్యా! వదినా, ఈయన్ని నువ్వయినా అడగవా?”

“అడిగాను. పొరపాటుట,” అంది వదిన. “కూర్చో, ఆట మొదలైంది.”

జట్టు పన్నెండు మందిలో ఒకేసారి మైదానంలో ఉండేది ఏడుగురు, మొత్తం ఆట పద్నాలుగు నిమిషాలు. మాస్టరుకు అందులో కనిపించింది ఒక్క ఎడమ చెయ్యి. ఎదుటి జట్టులో తలుపు రెక్కంత మనిషి ఒకామె ఉంది. మేనకోడలికి బంతి అందిన మరుక్షణం ఆమె సరిగ్గా ఆ చేతినే దొరకపుచ్చుకుంది. మాస్టరు కళ్లు మూసుకున్నాడు.

“అబ్బా! ఏం కుట్టు మాస్టరూ!” అని అరిచాడు సెలూన్ యజమాని.

కళ్లు తెరిచాడు. చెయ్యి భుజానికే ఉంది. నమ్మలేక టీవీ దగ్గరికి వెళ్లి చూశాడు. మిగతా అమ్మాయిలకు నల్ల పట్టీ ఒక్క చుట్టే. పదకొండో నంబరుకు మాత్రం, ఆమె దుఃఖం ఎక్కువ కనుక, ఆటగాళ్ల మోకాళ్లకు చుట్టే జిగురు పట్టీ నల్లది తెచ్చి, మోచేతి పైనుంచి భుజం దాటి మెడదాకా చుట్టారు. కుట్టు ఉండవలసిన చోటంతా సంతాపం ఉంది. మాస్టరు చావే మాస్టరు కుట్టును పట్టి ఉంచింది.

ఎనిమిదిసార్లు పట్టుకుని లాగారు. ఎనిమిదిసార్లూ దుకాణం చప్పట్లు కొట్టింది. “దివంగత మాస్టరు పనితనం చూడండి!” అన్నాడు వ్యాఖ్యాత. ఒక్కొక్క పొగడ్తకూ మాస్టరు ఒక్కొక్క అంగుళం కుంచించుకుపోయాడు. చివరి నిమిషంలో మనవాళ్లు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతి మేనకోడలి చేతికి వచ్చింది. తలుపు రెక్క మళ్లీ ఎడమ చెయ్యి పట్టింది. పిల్ల ఆగలేదు. పట్టిన మనిషిని నాలుగడుగులు ఈడ్చుకుపోయి, విదిలించి, గీత దాటి బంతిని నేలకు ఆనించింది. అయిదు పాయింట్లు. ఈల మోగింది. దుకాణంలో నురగ ఎవరి చెంప మీద ఉందో తెలియనంతగా అందరూ ఒకరినొకరు వాటేసుకున్నారు.

మైదానంలో మేనకోడలు మోకాళ్ల మీద కూర్చుని నల్ల పట్టీని విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టూ విప్పింది. ఆఖరి చుట్టుతో పాటు చొక్కా చెయ్యి కూడా చేతిలోకి వచ్చేసింది. ఆమె క్షణం దానికేసి చూసి, గుండెకు హత్తుకుని, ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంది.

“మామయ్య జ్ఞాపకంగా ఆ చేతిని తన చేతులతోనే విప్పుకుంది!” వ్యాఖ్యాత గొంతు పెంచాడు. “పద్నాలుగు నిమిషాలు ఎవరి బలానికీ లొంగని కుట్టు అది. ప్రేమకు మాత్రం లొంగింది!”

దుకాణం మొత్తం ముక్కు చీదుకుంది. నిజం తెలిసింది లోకంలో ఒక్క మాస్టరుకే. చీటీ జేబులో ఉంది. చింపితే సరిపోతుంది.

భార్య ఫోను మోగింది. మేనకోడలు. భార్య ఫోనును ఆయన చేతిలో పెట్టింది.

“అత్తయ్యా, చూశావా? నేను లాగేదాకా ఒక్క పోగు తెగలేదు అత్తయ్యా...”

“నేనే. మామయ్యని.”

అటు ఫోను నేల మీద పడ్డ చప్పుడు, మళ్లీ తీసిన చప్పుడు.

“బతికే ఉన్నావా?”

“ఆఁ.”

“మరి నేను ఏడ్చిందంతా?”

వార్త తప్పని చెప్పి అక్కడితో ఆపేయవచ్చు. ఆయన ఆ మాట కోసం నోరు తెరిచాడు కూడా. కాని ఆ పిల్ల ఇంకా రొప్పుతూనే ఉంది. అబద్ధంతో అంత దూరం పరుగెత్తించిన మనిషిని ఇంకో అబద్ధంతో ఇంటికి రప్పించడం ఆయనకు చేతకాలేదు.

“ఆ చెయ్యి నువ్వు విప్పలేదే. ఊడింది. దానికి మిషను కుట్టు పడలేదు. కచ్చా కుట్టుతోనే పంపేశా. అది చెప్పడానికి సిగ్గేసి, ఎవరో మాట్లాడినట్టు...”

“చొక్కా చేతికి సిగ్గేసి చచ్చిపోయావా మామయ్యా?”

“నేను చావలేదు. మీ మేనేజరమ్మ చంపింది. నేను అడ్డం చెప్పలేదు, అంతే.”

అటునుంచి మొదట ఒక నవ్వు, ఆ తర్వాత పన్నెండు మంది నవ్వు వినిపించింది. ఇటు ఎవరూ నవ్వలేదు. దుకాణంలో ఉన్నవాళ్లంతా ముందుగా ఎవరి చంకలు వాళ్లు తడిమి చూసుకున్నారు. తువ్వాలు పెద్దమనిషి ఒకాయన కూర్చోబోయినవాడు ఆగి, “ఈ ప్యాంటు కూడా మీరు కుట్టిందే కదండీ?” అని నిలబడే ఉండిపోయాడు.

మర్నాడు మాస్టరు దుకాణం తెరిచి, ఎవరూ రారని తెలిసిన మనిషిలాగా కూర్చున్నాడు. పదింటికి ఫోను మోగింది. మేనేజరమ్మ. ముందు అయిదు నిమిషాలు తిట్టింది. ఆయన విన్నాడు.

“సరే గాని మాస్టరు గారూ, అభిమానులు మమ్మల్ని నిలవనివ్వడం లేదండీ. అందరికీ ఆ ఎడమ చెయ్యి ఊడే చొక్కాయే కావాలిట. రెండు వందలు కుట్టగలరా? ఒక్కటే షరతు. ఎవరెంత లాగినా ఊడకూడదు. వేసుకున్నవాళ్లు మనసుపడి లాగితే ఊడాలి.”

అదెంత పని అని మాస్టరు మిషను ముందు కూర్చున్నాడు. మొదటి చొక్కా ఎవరు లాగినా ఊడలేదు. రెండోది తొడుక్కుంటూ ఉండగానే ఊడింది. మూడోదానికి కుడి చెయ్యి ఊడింది. విడిపోని కుట్టులో ముప్ఫై ఏళ్లు ఆరితేరిన ఆ చేతులకు, వేళకు విడిపోయే కుట్టు ఇంకా పట్టుబడలేదు.