సీలు వేసిన ఇల్లు

ఆటోనగర్‌లో ఆయిల్ సీళ్ళు, గ్యాస్కెట్లు అమ్మే సంజీవరావుకి జీవితంలో ఒకే ఒక్క నమ్మకం. లోకంలో కారని వస్తువు లేదు, సరైన రబ్బరు దొరికితే ఆగని లీకూ లేదు. అంతటి మనిషి ఇంట్లోకే, బుడమేరు వాగు పొంగిన ఏడు, నడుంలోతు నీళ్ళు వచ్చాయి.

ఆ నీళ్ళు ఇంట్లోంచి పోయాయి గానీ ఆయన భార్య భానుశ్రీ మనసులోంచి పోలేదు. పెళ్ళి ఆల్బం ఉబ్బి ముద్దయిపోతే, ఒక్కో ఫొటో ఒలిచి ఆరబెట్టింది. దక్కినవి మూడు. అందులో రెండు వంటవాళ్ళవి. మూడోదాంట్లో మాత్రం ఇద్దరూ తలంబ్రాలు పోసుకుంటూ ఉన్నారు.

అప్పట్నుంచీ వాన పడితే చాలు, మంచం మీద పడుకున్న భానుశ్రీ చెయ్యి మెల్లిగా కిందికి దిగేది. నేల తడిమి చూసేది. పొడిగా ఉంటే చెయ్యి పైకి తీసుకునేది. కాసేపటికి మళ్ళీ దించేది. పక్కన పడుకుని అది చూస్తుంటే సంజీవరావుకి గుండె తరుక్కుపోయేది. ఆ మాట చెప్పడం చేతకాక దెబ్బలాట పెట్టుకునేవాడు.

"పక్క మేడలో సంపూర్ణమ్మ గారి పై వాటా ఖాళీ అయిందటండీ. వెళ్ళిపోదాం," అంది భానుశ్రీ.

"సొంతిల్లు పెట్టుకుని పక్కింట్లో అద్దెకా? పొద్దున్నే లేచి బాల్కనీలోంచి మనిల్లు చూసుకుని, అబ్బ ఎంత బాగుందో అనుకోవాలా?"

"పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది లెండి. లోపల ఉంటేనే కష్టం."

"ఇదిగో, వినుకో. ఈ వానాకాలంలో మనింటి నేల తడిస్తే నువ్వు ఏ మేడెక్కమంటే ఆ మేడెక్కుతా. తడవకపోతే మాత్రం ఇక నోరెత్తకూడదు."

"ఎలా తడిసినా సరేనా?"

"ఎలా తడిసినా సరే!"

ఆ ఆదివారమే ట్రాలీ ఆటో నిండా రబ్బరు దిగింది. ముందు గడపకీ వెనక గడపకీ మోకాలెత్తు ఇనప రేకులు బిగించి, చుట్టూ లారీ ట్యూబు కోసి అతికించాడు. వరదలో నీళ్ళు మొదట పైకి తన్నింది బాత్రూం తూములోంచే. అందుకని బాత్రూంకీ వంటింటికీ ఉన్న తూములన్నిటికీ రబ్బరు బిరడాలు కొట్టాడు.

"మరి స్నానం చేస్తే నీళ్ళెటు పోతాయండీ?"

"బిరడా తీసి పోసుకో, అయ్యాక మళ్ళీ పెట్టు."

"గిన్నెలు తోముకోవడానికి స్పానర్ ఎంత సైజుది కావాలో కూడా చెప్పండి."

గడప దాటాలంటే చీర కుచ్చెళ్ళు ఎత్తుకుని గెంతాల్సిందే. పాలవాడు రేకు అవతలే నిలబడి, ఇది ఇల్లా పడవా అని అడిగాడు. సంజీవరావు అదేమీ పట్టించుకోలేదు.

"నా మీద నమ్మకముంటే అటక మీది ట్రంకు పెట్టె దించు," అన్నాడు. వరదలో మిగిలినవన్నీ ఆవిడ దాచింది ఆ పెట్టెలోనే. భానుశ్రీ ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, మర్నాడు పెట్టె దించి మంచం కిందికి తోసింది. ఆ పూట సంజీవరావు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇంతలో భానుశ్రీ తమ్ముడు సాయిగణేష్ కంకిపాడులో గృహప్రవేశం పెట్టుకున్నాడు. బయల్దేరే ముందు సంజీవరావు బిరడాలకి ఆఖరి పూత పూశాడు. చేతులకి జిగురు అంటితే బాత్రూంలో కుళాయి తిప్పాడు. నీళ్ళు రాలేదు. పాత గుడ్డకి చేతులు తుడుచుకుని బయల్దేరాడు. కంకిపాడులో భోజనాల బంతిలో కూర్చున్న వాళ్ళందరికీ, ఇంట్లోకి నీళ్ళు రాకుండా కాపాడుకునే పద్ధతి గురించి పాయసం వడ్డించేదాకా చెప్పాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి వీధిలో దుమ్ము లేస్తోంది. ఆ రోజు వానన్నదే లేదు. తాళం తీసి తోస్తే తలుపు కదల్లేదు. భుజం పెట్టి తోస్తే కాస్త తెరుచుకుంది. లోపల పిక్కలలోతు నీళ్ళు. బాత్రూంలో కుళాయి ఇంకా ధారగా పోస్తోంది.

"ఊరంతా పొడిగా ఉందండీ," అంది భానుశ్రీ నెమ్మదిగా. "మనింట్లోనే వరద."

ఆ నీళ్ళ మధ్య ట్రంకు పెట్టె హాల్లో తేలుతోంది. సంజీవరావుకి పై ప్రాణాలు పైనే పోయాయి. "మన ఫొటో భానూ!" అంటూ రేకు దూకి, పరుగెత్తి పెట్టెని రెండు చేతులా ఎత్తాడు. బరువే లేదు. మూత తీస్తే నాలుగు కలరా ఉండలు దొర్లాయి.

"ఫొటో ఏదే?"

"సంపూర్ణమ్మ గారింట్లో. మీరు రబ్బరు తెచ్చిన రోజే అన్నీ పంపేశాను."

"అంటే నన్ను నమ్మలేదన్నమాట."

"మిమ్మల్ని నమ్మకపోతే పెట్టెందుకు దించుతాను? మీరంత కష్టపడుతుంటే కాదనలేకపోయాను. నీళ్ళనే నమ్మలేదు."

ఆయన గోళ్ళలో పొద్దుటి జిగురు ఇంకా ఉంది. కుళాయి ఎవరు తిప్పారని ఆవిడ అడగలేదు. అడిగినా బావుండేది అనిపించింది ఆయనకి.

బిరడాలు ఊడలేదు. రేకులూ ఊడలేదు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో అంత మంచి సీలు ఆయన చేతుల మీదుగా ఎన్నడూ పడలేదు. రిటైరైన నర్సు సంపూర్ణమ్మ గారు బకెట్ పట్టుకుని వచ్చి, గడప బయట చెయ్యి పెట్టి చూశారు.

"ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు సంజీవరావు గారూ. గొప్ప పని చేశారు," అన్నారు. నిజంగానే మెచ్చుకున్నారు, పాపం. ముగ్గురూ కలిసి చెంబులతో, బకెట్లతో నీళ్ళు తోడి వీధిలో పోశారు.

మాట ప్రకారం ఆ వారమే మేడెక్కారు. పై వాటాలో భానుశ్రీ ముందే పంపిన సామానంతా సర్ది ఉంది. గోడకి పటం కట్టించిన తలంబ్రాల ఫొటో కూడా ఉంది. సంజీవరావు బాల్కనీలోకి వెళ్ళి తన ఇంటిని కాసేపు చూసి లోపలికి వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నడుం వాల్చారు. ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన అందుకుంది. భానుశ్రీ అటు తిరిగి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

సంజీవరావు ఆ వాన చప్పుడు చాలాసేపు విన్నాడు. తర్వాత, ఆవిడ లేవకుండా, మెల్లిగా చెయ్యి కిందికి దించి నేల తడిమి చూసుకున్నాడు.